షార్జా పార్ట్‌నర్ 40 శాతం, అయిదేళ్లు ఎక్స్‌క్లూజివ్ అడుగుతున్నాడు, సంతకం పెట్టొచ్చా?

ఆటోనగర్_బాబు, విజయవాడ

నమస్తే అందరికీ, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ, ఆటోనగర్‌లోనే ఆఫీసు, కింద లేత్ మిషన్ చప్పుడు పైన మా కీబోర్డుల చప్పుడు, నాతో కలిపి 11 మందిమి. స్పేర్ పార్టుల షాపులకి సాఫ్ట్‌వేర్ చేస్తాం. బిల్లింగ్ ఎవరైనా చేస్తారు, మాది ఎక్కడ నిలబడిందంటే ఏ పార్టు ఏ ర్యాకులో ఉంది, అది అయిపోతే దాని బదులు ఏ కంపెనీది పడుతుంది, ఏ మెకానిక్ ఎంత అప్పు పట్టుకెళ్లాడు, ఇవన్నీ కౌంటర్‌లో కుర్రాడు అయిదు సెకన్లలో చెప్పేస్తాడు. ఏడేళ్లలో విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, ఖమ్మం అన్నీ కలిపి 340 షాపులు. ఇక్కడ ఇంక పెరగటం కష్టంగా ఉంది, ఏడాదికి 9 వేలు అంటే 6 వేలకి బేరమాడి, పైగా బార్‌కోడ్ ప్రింటర్ ఫ్రీగా ఇస్తారా అంటారు.

మా కస్టమర్ ఒకాయన బావమరిది షార్జాలో ఉంటాడు, ఆయన ద్వారా అక్కడ ఒక ఐటీ షాపు ఓనరు పరిచయమయ్యాడు. షాపులకి బిల్లింగ్ మిషన్లు, సీసీ కెమెరాలు వేస్తాడు. జూమ్‌లో డెమో చూపించాం, తెగ నచ్చేసింది, వారం తిరక్కుండా అగ్రిమెంట్ పంపించాడు. అందులో ఏముందంటే, ప్రతి ఏడాది వచ్చే డబ్బులో 40 శాతం ఆయనకి, గల్ఫ్ ఆరు దేశాలకీ అయిదేళ్లు ఆయనొక్కడే, బిల్లు ఆయన కంపెనీ పేరు మీద వెళ్తుంది, కస్టమర్ వివరాలు మాకు అక్కర్లేదు, అరబిక్ మాత్రం మా ఖర్చుతో మేమే చేసివ్వాలి.

కంపెనీలో నాతోపాటు ఉన్న మావాడేమో మనకి రూపాయి ఖర్చు లేకుండా దుబాయ్ వస్తోంది కదా పెట్టెయ్ సంతకం అంటున్నాడు. నాకెందుకో మనసొప్పట్లేదు. ఇదికాక నైరోబీ నుంచి ఒక గుజరాతీ ఆయన వెబ్‌సైట్‌లో మెసేజ్ పెట్టాడు, వాళ్లకి సొంతంగా మూడు స్పేర్స్ షాపులున్నాయంట, ట్రయల్ కావాలన్నాడు. మూడు షాపులే కదాని నేనింకా సరిగ్గా రిప్లై కూడా ఇవ్వలేదు.

బయట దేశాల్లో పార్ట్‌నర్ల ద్వారా అమ్మినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, 40 శాతం ఎక్కువా తక్కువా, ఎక్స్‌క్లూజివ్ ఇవ్వచ్చా, అసలు ఏం చూసుకోవాలి?

—

మిర్చియార్డ్_లాగిన్, గుంటూరు

బ్రదర్, ముందు ఆ పేపరు బీరువాలో పెట్టి తాళం వెయ్.

మాది కోల్డ్ స్టోరేజీల సాఫ్ట్‌వేర్, ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, ఏ చాంబర్‌లో ఉన్నాయి, దానిమీద బ్యాంకు లోనెంత, అద్దె ఎంత, ఈ లెక్కలు. 2019లో ఇక్కడి మిర్చి ఎగుమతిదారు ఒకాయన పరిచయం చేస్తే ఇండోనేషియాలో ఒకళ్లకి ఇచ్చాం. నీకు వచ్చిన కాగితం లాంటిదే, దేశమంతా ఆయనొక్కడే, మూడేళ్లు. నేనూ నీలాగే డెమో నచ్చింది కదా ఇంక కంటెయినర్లలో డబ్బొస్తుంది అనుకున్నా. రెండేళ్లలో వచ్చింది ముగ్గురు కస్టమర్లు. తర్వాత తెలిసిందేంటంటే ఆయన దగ్గర మాలాంటి కంపెనీలవి ముప్ఫై దాకా సరుకులున్నాయి, సంచిలో అడుగున మాది. ఆయన మోసం చేశాడనను, ఏది త్వరగా అమ్ముడైతే అది అమ్ముకున్నాడు, నేనైనా అదే చేస్తా. పోనీ వేరేవాడికి ఇద్దామంటే ఎక్స్‌క్లూజివ్ అడ్డం. గడువయ్యాక ఇంకొకళ్లతో మాట్లాడదాం అనుకుంటే మా బ్రాండు పేరు అక్కడ ఆయన తన కంపెనీ పేరు మీద ట్రేడ్‌మార్క్ చేసుకున్నాడని బయటపడింది. ఆ దేశంలో ముందు ఎవరు ఫైల్ చేస్తే పేరు వాళ్లదే అన్నట్టు ఉంటుంది. చివరికి అక్కడ పేరు మార్చుకున్నాం.

ఇండియా 2013లోనే మాడ్రిడ్ ప్రొటోకాల్‌లో చేరింది, ఇక్కడ ఉన్న ట్రేడ్‌మార్క్ ఆధారంగా ఒకే అప్లికేషన్‌తో మనకి కావలసిన దేశాలు టిక్కు పెట్టి ఫైల్ చెయ్యచ్చు. యూఏఈ, కెన్యా, ఇండోనేషియా అన్నీ అందులో ఉన్నాయి. నాకు ఈ సంగతి అప్పుడు చెప్పినవాడు లేడు. అగ్రిమెంట్ కంటే ముందు ఆ పని చెయ్.

ఇంక ఎక్స్‌క్లూజివ్ సంగతి. మా యార్డులో చూడు, రైతు కొనేవాణ్ణి సొంతంగా వెతుక్కోడు, కమీషన్ కొట్టుకి సరుకు దింపుతాడు. కొట్టాయనకి ఎవరికి తేజా రకం మిర్చి కావాలో, ఎవరు డబ్బు సరిగ్గా ఇస్తారో తెలుసు, అందుకని కమీషన్ ఇస్తాం, న్యాయమే. కానీ పంటంతా నీ కొట్టుకే వేస్తానని ఏ రైతు ఒప్పుకుంటాడు? సాగుకి ఆ కొట్లో అప్పు తెచ్చుకున్న రైతే కదా. మరి మీ షార్జా ఆయన నీకు అడ్వాన్సు ఏమన్నా ఇస్తున్నాడా? మొదటి ఏడాది ఇన్ని లైసెన్సులు అమ్మినా అమ్మకపోయినా డబ్బు కడతానని రాసిస్తున్నాడా? ఇస్తే కూర్చుని మాట్లాడు. ఉత్త చేతులతో ఆరు దేశాలు రాయించుకోటం ఏంటి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం.

—

మంగళగిరి_దేవ్

అసలు ఈ రోజుల్లో పార్ట్‌నర్ ఎందుకన్నా? సాస్ ప్రొడక్ట్ కదా, అంటే నెట్‌లోనే చందా కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఇంగ్లీషులో పెట్టి గూగుల్ యాడ్స్ వేసి కార్డుతో కట్టించుకోవటమే, 40 శాతం ఎవడికో ఎందుకిస్తాం.

—

మిర్చియార్డ్_లాగిన్, గుంటూరు

డెవలపర్లకి అమ్మేదైతే నువ్వన్నది కరెక్టే తమ్ముడూ. స్పేర్స్ షాపు ఓనరు యాడ్ చూసి కార్డు నంబరు కొడతాడా? ఆటోనగర్‌లోనే కొట్టడు. ఆయనకి ప్రింటర్ ఆగిపోతే స్కూటర్ మీద వచ్చే మనిషి కావాలి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ చూడు, 1986లో మొదలైన కంపెనీ, ఊరూరా ఉన్న పార్ట్‌నర్లే కదా అమ్మింది, బీసెంట్ రోడ్డులో బట్టల షాపుకి టాలీ పెట్టిన మనిషి కంపెనీ ఉద్యోగి కాదు, సందు చివర కంప్యూటర్ షాపాయన.

—

దేరా_తెనాలి, దుబాయ్

మాది తెనాలి, పన్నెండేళ్లుగా ఇక్కడ చానల్ సేల్స్‌లోనే ఉన్నా, అంటే పార్ట్‌నర్లని వెతికి పట్టుకుని వాళ్లతో అమ్మించటమే నా ఉద్యోగం. బాబు గారూ, అగ్రిమెంట్ సంగతి తర్వాత, ముందు మీ సరుకు షార్జాకి సరిపోతుందా చూశారా?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో స్పేర్స్ అంటే చాలామటుకు పాత బళ్లు విప్పి అమ్మేవి. ప్రమాదమైన ల్యాండ్ క్రూజర్ ఒకటి లోపలికొస్తుంది, దాన్నుంచి ఇంజను, గేర్‌బాక్స్, డోర్లు, లైట్లు ఇట్లా అరవై ముక్కలవుతాయి. ఒక్కో ముక్క ఒక్కటే ఉంటుంది, దానికి మీ ర్యాకు నంబరూ సరిపోదు, బదులు కంపెనీ అన్న మాటే లేదు. బండి మొత్తం ఎంతకి కొన్నాం, ముక్కలన్నీ కలిపి ఎంత వచ్చింది, యార్డ్ ఓనరు చూసుకునే లెక్క అది. మీ సాఫ్ట్‌వేర్ రాసింది కొత్త పార్టులకి, ఒకే పార్టు యాభై డబ్బాలుండే షాపుకి. అలాంటి షాపులు కూడా ఇక్కడ ఉన్నాయి, దేరాలో, షార్జాలో రెండుచోట్లా, కానీ మీ పార్ట్‌నర్ తిరిగేది ఏ షాపుల్లో? ఆయన కస్టమర్లు పది మంది పేర్లు అడగండి. చెప్పకపోతే ఆయన దగ్గర లేరన్నట్టే.

ఇంక జీసీసీ, అంటే ఆ ఆరు గల్ఫ్ దేశాలు, మొత్తం ఒక్కడికే అన్నది ఎందుకు పనికిరాదో చెప్తా. బయటినుంచి చూస్తే ఒకటే గల్ఫ్, లోపల ఆరు దేశాలు, ఆరు లెక్కలు. యూఏఈలో 2018 నుంచి 5 శాతం వ్యాట్. సౌదీలో అదే ఏడాది 5తో మొదలెట్టి 2020 జులైలో 15 చేశారు. బహ్రెయిన్‌లో 10, ఒమన్‌లో 5, కువైట్ ఖతార్‌లలో వ్యాట్ లేనే లేదు. సౌదీ అయితే ఇంకో లోకం, బిల్లు అరబిక్‌లో ఉండి తీరాలి, 2021 డిసెంబర్ నుంచి ఈ-ఇన్వాయిస్, 2023 నుంచి విడతలవారీగా మీ సాఫ్ట్‌వేర్ నేరుగా వాళ్ల ట్యాక్స్ శాఖ సిస్టమ్‌కి కనెక్ట్ అవ్వాలి, కంపెనీ కంపెనీకి ఇచ్చే బిల్లయితే అక్కడ ఓకే అయ్యాకే కస్టమర్ చేతికి వెళ్లాలి. షార్జాలో కెమెరాలు బిగించే ఆయన రియాద్‌లో ఈ పని ఎట్లా చేయిస్తాడు? సౌదీకి సౌదీలో ఉన్నవాడే కావాలి, అది కూడా ఈ-ఇన్వాయిస్ పని ఇంతకుముందు చేసినవాడు. అరబిక్ కూడా మాటలు మార్చితే అయిపోదు, స్క్రీన్ మొత్తం కుడినుంచి ఎడమకి తిరగాలి, మీ ప్రింట్ ఫార్మాట్లన్నీ చెదిరిపోతాయి, నేను చూశా.

ఇంకో ప్రమాదం. ఇక్కడ కమర్షియల్ ఏజెన్సీ చట్టం అని ఒకటుంది, 1981 నాటిది, 2022లో కొత్త చట్టం తెచ్చి 2023 జూన్ నుంచి కొంత సడలించారు. ఏజెన్సీ అని మినిస్ట్రీలో రిజిస్టర్ అయిపోయిందంటే తర్వాత ఆ మనిషిని వదిలించుకోవటం మామూలు పని కాదు, నష్టపరిహారం దాకా వెళ్తుంది. ఎవరు పడితే వాళ్లు రిజిస్టర్ చెయ్యలేరు, అయినా మీ కాగితంలో ఇది రిజిస్టర్ చేసే ఏజెన్సీ కాదు అన్న వాక్యం పెట్టించండి. ఇక్కడి లాయరుకి ఒకసారి చూపించండి, ఆ ఫీజుకి ఏడవద్దు.

40 శాతం గురించి: ఎక్కువా తక్కువా అని విడిగా చెప్పలేం, ఆ డబ్బుకి ఆయన ఏం పని చేస్తాడు అన్నదే. డెమో, ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్, మొదటి ఫోన్ కాల్ ఎత్తటం అన్నీ ఆయనే చేస్తే 40 ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు, విజయవాడ నుంచి మనిషిని పంపించి అదే పని చేయిస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఉత్తినే పరిచయం చేసి పక్కకి తప్పుకుంటే మొదటి ఏడాది డబ్బులో పదో పదిహేనో ఇచ్చి దణ్ణం పెట్టండి. రెండో ఏడాది నుంచి రెన్యువల్‌లో వాటా ఎంత అన్నది విడిగా రాసుకోండి, చాలామంది అక్కడే మునుగుతారు.

ఇంకొకటి, సంతకం పెట్టేది ఓనరు, షాపుల చుట్టూ తిరిగేది ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లకి మీ సరుకు రాకపోతే ఓనరు ఎంత ఇష్టపడినా అమ్ముడవదు. ఆ ఇద్దర్నీ వారం రోజులు విజయవాడ పిలిపించండి, ఆటోనగర్‌లో మీ కస్టమర్ షాపులో కౌంటర్ వెనకాల కూర్చోబెట్టండి. మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటయ్యేది ఇదే.

—

బెంజ్‌సర్కిల్_సీఏ, విజయవాడ

డబ్బు వైపు నుంచి నాలుగు మాటలు. క్లయింట్లు అమ్మేశాక వస్తారు నా దగ్గరికి, అమ్మక ముందు వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

బయటి దేశానికి సాఫ్ట్‌వేర్ సర్వీస్ అమ్మితే జీఎస్టీలో జీరో రేటెడ్, అంటే ట్యాక్స్ సున్నా. కానీ ఎల్‌యూటీ వెయ్యాలి, అంటే ట్యాక్స్ కట్టకుండా ఎగుమతి చేస్తామని ఇచ్చే హామీ పత్రం, ఆర్‌ఎఫ్‌డీ 11 ఫారం, ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా. మర్చిపోతే 18 శాతం కట్టి రీఫండ్ కోసం తిరగటమే. బిల్లు ఇచ్చిన ఏడాదిలోపు డబ్బు రాకపోతే అప్పుడు కూడా ట్యాక్స్ మెడకి చుట్టుకుంటుంది, కాబట్టి పార్ట్‌నర్ ఆర్నెల్లకోసారి లెక్క చూసుకుందాం అంటే ఒప్పుకోవద్దు, నెలకోసారి. సాఫ్టెక్స్ ఫైలింగ్, అంటే సాఫ్ట్‌వేర్ ఎగుమతి డిక్లరేషన్, కేంద్రప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐలో ఉంటుంది, విజయవాడలోనే వాళ్ల సెంటర్ ఉంది, వెళ్లి అడిగితే చెప్తారు, భయపడేంత పని కాదు.

ఇప్పుడు మీ అగ్రిమెంట్. బిల్లు ఆయన పేరు మీద అంటే ఆయన మీకు రీసెల్లర్, మీరు ఆయనకి 60కి అమ్ముతారు, ఆయన ఎంతకి అమ్ముకుంటాడో ఆయనిష్టం, మీ ఎగుమతి 60. అలా కాకుండా మీరే కస్టమర్‌కి 100కి బిల్లు ఇచ్చి ఆయనకి 40 కమీషన్ పంపిస్తే అది వేరే లెక్క, బయటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు సీఏ సర్టిఫికెట్ అడుగుతుంది. రెండూ కలిపేసి, 100కి బిల్లు రాసి ఖాతాలో 60 మాత్రం వేయించుకుంటే ఆ తేడా ఏంటని రేపు బ్యాంకు అడుగుతుంది, మీ దగ్గర కాగితం ఉండదు. ఏదో ఒకటే పెట్టుకోండి.

ఇంకోటి, విత్‌హోల్డింగ్ ట్యాక్స్, అంటే మనకి డబ్బు పంపేవాడే ముందుగా కోసి అక్కడి ప్రభుత్వానికి కట్టేది. యూఏఈలో ప్రస్తుతం ఆ బాధ లేదు. వేరే దేశాల్లో ఉంటుంది. ఇండోనేషియాలో మామూలుగా 20 శాతం కోస్తారు, మనకి వాళ్లతో ఉన్న ఒప్పందం ప్రకారం రాయల్టీకి 10, అది రావాలంటే వాళ్ల ఫారం నింపి మన ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఆధారం చూపించాలి. కెన్యాలో కూడా కోత ఉంటుంది. కోసింది ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు గానీ ఇక్కడ మీకు లాభమే లేకపోతే క్రెడిట్ దేనికి? అందుకని ధర చెప్పేటప్పుడే మా చేతికి ఇంత రావాలి, మీ దేశపు ట్యాక్స్ మీదే అని రాయించండి. ఒప్పుకోకపోతే ధరలోనే కలపండి.

—

మిర్చియార్డ్_లాగిన్, గుంటూరు

సీఏ గారు చెప్పిన 20, 10 రెండూ అనుభవించాం, మొదటి ఏడాది 20 కోయించుకున్నాకే ఆ ఫారం సంగతి తెలిసింది.

—

ఆటోనగర్_బాబు, విజయవాడ

అందరికీ థ్యాంక్సండీ, నిజంగా. తెనాలి అన్న చెప్పిన పాత బళ్ల సంగతి చదివాక మా డెవలపర్లందర్నీ పిలిచి చూపించాను, ఒక్కడికీ తట్టలేదు ఇది. నాక్కూడా, చెప్పాలంటే. ఆ డెమోలో ఆయనకి నచ్చింది బార్‌కోడ్ స్క్రీన్, ఎందుకంటే ప్రింటర్లు అమ్ముకోవచ్చు కదా.

ఒక ప్రశ్న, కస్టమర్ వివరాలు మాకు ఇవ్వనంటున్నాడు కదా, నా కస్టమర్లని మీరు ఎత్తుకుపోతారేమోనని భయం అంటున్నాడు. ఆయన భయం కూడా అబద్ధం కాదు. దీనికి మధ్యేమార్గం ఏమన్నా ఉందా? ఇంక ఆ నైరోబీ ఆయన సంగతి?

—

దేరా_తెనాలి, దుబాయ్

ఉంది. ఆయన తెచ్చిన కస్టమర్‌ని మీ దగ్గర ఆయన పేరు మీద రాయించుకోండి, డీల్ రిజిస్ట్రేషన్ అంటారు, ఆ షాపుకి మీరుగానీ ఇంకో పార్ట్‌నర్‌గానీ నేరుగా అమ్మినా ఆయన వాటా ఆయనకి వెళ్తుందని రాసివ్వండి. అప్పుడు భయం పోతుంది. కానీ లైసెన్స్ మీ సర్వర్ నుంచే తెరుచుకోవాలి, షాపు పేరు, ఫోన్, మెయిన్ అడ్మిన్ లాగిన్ మీ దగ్గర ఉండాలి, ఇందులో బేరం లేదు. రేపు ఆయన షాపు మూసేసి సొంతూరు వెళ్లిపోతే ఆ కస్టమర్లు ఎవరికి ఫోన్ చేస్తారు?

ఎక్స్‌క్లూజివ్ తప్పదంటే షార్జా ఒక్కటే, ఏడాది, 15 షాపులు. రాకపోతే నోటీసు అక్కర్లేకుండా దానంతటదే పోవాలి.

నైరోబీ ఆయనకి ఈ రాత్రే రిప్లై ఇవ్వండి! మూడు షాపులే అంటారేంటండీ, ఆయన అమ్మేవాడు కాదు, వాడేవాడు. నాకు మొత్తం థ్రెడ్‌లో అన్నిటికంటే మంచి వార్త అదే. ఆ ఊళ్లో కిరిన్యాగా రోడ్డు అని ఉంది, స్పేర్స్ షాపులే షాపులు, మీ ఆటోనగర్ లాగే ఉంటుంది. పైగా అక్కడ బోడాబోడా అని టూవీలర్ ట్యాక్సీలు, బజాజ్ బాక్సర్లు విపరీతంగా తిరుగుతాయి, టీవీఎస్‌లు కూడా. కొత్త పార్టు, ఒకే పార్టు వంద డబ్బాలు, బదులు కంపెనీ, మెకానిక్ అప్పు, మీ సాఫ్ట్‌వేర్ ఏది చేస్తుందో అచ్చం అదే. కార్లేమో జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి, అది వేరే కథ, టూవీలర్‌తో మొదలెట్టండి. ఎంపెసా లేకుండా మాత్రం అక్కడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూపించకండి, 2007 నుంచి జనం ఫోన్‌లోనే డబ్బులు కట్టుకుంటున్నారు, మనకి యూపీఐ రాకముందే. ట్యాక్స్ శాఖకి బిల్లు పంపే ఈటిమ్స్ అని ఒకటుంది, అదీ కలపాలి. ఆయన మూడు షాపుల్లో ఆరు నెలలు నడిస్తే పక్క షాపువాళ్లే అడుగుతారు, అప్పుడు పార్ట్‌నర్‌ని వెతకండి, చేతిలో పని చేసే షాపు ఉంటే మీ బేరం మారిపోతుంది.

—

మంగళగిరి_దేవ్

సరే ఒప్పుకున్నా, యాడ్స్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎంపెసా వాళ్ల డెవలపర్ పోర్టల్ ఓపెన్‌గానే ఉంటుంది బాబు అన్నా, టెస్ట్ అకౌంట్‌తో ఆడుకోవచ్చు, కావాలంటే ఒక శనివారం వచ్చి కూర్చుంటా.

—

ఆటోనగర్_బాబు, విజయవాడ

12 రోజుల తర్వాత అప్‌డేట్.

షార్జా ఆయనకి ఫోన్ చేశా. ఒక్క షార్జా, ఏడాది, 15 షాపులు అన్నా. కాసేపు నిశ్శబ్దం, తర్వాత 35 శాతానికి దిగాడు, దేశమంతా కావాలన్నాడు, లాగిన్ మా దగ్గర ఉండటానికి మాత్రం ఒప్పుకోలేదు. కస్టమర్ల పేర్లు పది అడిగితే నాలుగు పంపించాడు, అందులో మూడు పాత బళ్ల యార్డులు, నాలుగోది టైర్ల షాపు. గొడవేం లేదు, ప్రస్తుతానికి ఆగుదాం అనుకున్నాం. మావాడు నామీద రెండు రోజులు అలిగాడు.

నైరోబీ ఆయన ర్యాకుల ఫొటోలు పంపించాడు. బాక్సర్ క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్లు, సగం డబ్బాల మీద పేర్లు మా గవర్నర్‌పేట హోల్‌సేల్ షాపులో చూసేవే. ఖాతా పుస్తకం ఫొటో కూడా పంపాడు, మెకానిక్‌ల అప్పులు, గుజరాతీలో. నాకు ఒక్క ముక్క చదవటం రాలేదు గానీ ఆ కొట్టివేతలు చూస్తే ఏంటో అర్థమైపోయింది. ట్రయల్ ఒక షాపులో మొదలుపెట్టాం, మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి మా సపోర్ట్ అమ్మాయిని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చాం. మాడ్రిడ్ అప్లికేషన్ కోసం ట్రేడ్‌మార్క్ ఏజెంట్‌తో సోమవారం మీటింగ్. సీఏ గారూ, ఎల్‌యూటీ వేశాను, మీరు చెప్పకపోతే మర్చిపోయేవాణ్ణే.

మంగళగిరి తమ్ముడూ, ఈ శనివారం రాగలవా? మధ్యాహ్నం భోజనం మాదే, లేత్ మిషన్ శనివారం రెండింటికి ఆపేస్తారు కాబట్టి ఆ తర్వాతొస్తే మాటలు వినపడతాయి.